ముందు ఎడమ చక్రం

ఆ ఎండాకాలం నేను విమానాలు వేశాను. అంతకుముందు నా కుంచె కింద ఎగిరేవి ఏవీ లేవు. దుకాణాల బోర్డులు, బస్సుల నుదుటి మీద ఊళ్ల పేర్లు, పళ్ల డాక్టరు తలుపు మీద నవ్వే పన్ను, ఇవీ నా కళాఖండాలు. అలాంటిదాన్ని పిలిచి, పాత విమానాశ్రయం పక్కనున్న స్మారక భవనానికి బయటి గోడ మొత్తం అప్పగించి, యుద్ధం నుంచి తిరిగిరాని నాలుగు యుద్ధ విమానాల్ని వెయ్యమన్నారు. వానలు పడేలోపు ఆవిష్కరణ, ఆలోపు అయిపోవాలన్నారు. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంటికి సగం దూరం వచ్చాక కానీ తట్టలేదు, ఆ నాలుగింట్లో ఒకటి మా మామగారిదని.

మామగారు నేను చూసిన మనిషి కాదు. మా ఆయనా చూడలేదు. తను కడుపులో ఉండగా వాళ్ల నాన్న ఒక పొద్దున విమానమెక్కి వెళ్లారు, మళ్లీ దిగలేదు. పోయారని ఎవరూ చెప్పలేదు. ఆచూకీ తెలియలేదన్నారు, అంతే. ఆ మాట పట్టుకుని మా అత్తగారు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. విమానాశ్రయం ప్రహరీని ఆనుకుని ఉన్న రెండు గదుల ఇల్లు, పైన బట్టలారేసుకునే మేడ. విమానాలు ఎప్పుడో కొత్త చోటికి వెళ్లిపోయాయి, రన్‌వే పగుళ్లలో గడ్డి మొలిచింది. మా ఆయన బస్సు డ్రైవరు. డిపో ఏమో ఊరికి అటు కొసన. అటువైపు ఇల్లు చూసుకుందామని పెళ్లైన కొత్తలోనే మొదలుపెట్టాడు పోరు. ఆవిడ ససేమిరా అనేది. ఎందుకూ అంటే, "ఇక్కడ గాలి బావుంటుందిరా" అనేది. మా ఇంట్లో గాలి ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఉక్కకి చొక్కా వీపుకి అంటుకుపోతుంది.

అన్నాల దగ్గర కబురు చెప్పాను. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆపి, "విమానాలా? నువ్వా? నా బస్సు బోర్డు మీద నువ్వు రాసిన అక్షరాలే ఓ పక్కకి ఒరిగిపోయాయి. ఇక నీ విమానాలు ఏ గోడకి గుద్దుకుంటాయో" అన్నాడు.

"మీరు మలుపులు తిప్పే తీరుకి ఒరిగాయి లెండి. నేను నిటారుగానే రాశాను" అన్నాను.

మా గిల్లికజ్జాలకి ఎప్పుడూ నవ్వే మా అత్తగారు ఆ రోజు నవ్వలేదు.

"ఏ గోడ?" అని అడిగింది.

"పడమటి గోడండీ. రన్‌వే వైపుది."

తలూపి, కంచం తీసుకుని లేచిపోయింది. అన్నం సగం అలాగే ఉంది.

గోడ పని అంటే ముందు నెల పాటు గోడతోనే కాపురం. పాత సున్నం గీకి, పగుళ్లు పూడ్చి, తెల్ల రంగు రెండు పూతలు వేసి, అది ఆరాక దారానికి సుద్ద పూసి లాగి వదలాలి. గోడంతా గళ్లు పడతాయి. చేతిలో ఉన్న ఫొటో మీదా అన్నే గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నది ఆ గడిలో వేసుకుంటూ పోవడమే. పరంజా ఎక్కి పైన పని చేస్తుంటే కింద ఒక గొడుగూ ఒక మడత కుర్చీ. ఆ కుర్చీలో కమాండర్ గారు.

ఆ నలుగురితో కలిసి ఎగిరి, తిరిగొచ్చినవాళ్లలో ఇప్పటికి మిగిలింది ఆయనొక్కరే. రోజూ వచ్చేవారు. ముక్కు మీద కోపం, చేతిలో గొడుగు. "అమ్మాయ్, ఆ రెక్క కొస అంత మొండిగా ఉండదు." "అమ్మాయ్, ఆ తుపాకీ గొట్టం అక్కడా పెట్టేది?" "అమ్మాయ్, అది యుద్ధ విమానమా, ఉడికించిన చేపా?" చెరిపేదాన్ని, మళ్లీ వేసేదాన్ని, మనసులో తిట్టుకునేదాన్ని. కానీ ఒక్కో విమానం పూర్తయినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, గొడుగు మూసి, ఎండలో నిటారుగా నిలబడి చూసేవారు. అప్పుడు నా కోపం ఎటుపోయేదో తెలిసేది కాదు.

మా ఇంటికీ ఆయన కొత్తవారేం కాదు. ఏడాదికోసారి పళ్లు పట్టుకుని వచ్చేవారు, కుర్చీ అంచు మీద కూర్చునేవారు, ఆరోగ్యం ఎలా ఉందని గోడనో కిటికీనో చూస్తూ అడిగి వెళ్లిపోయేవారు. "అన్నయ్యగారు నా మొహం చూడలేరే. నన్ను చూస్తే ఆయన గుర్తొస్తారు కాబోలు" అనేది మా అత్తగారు. నేనూ అదే అనుకున్నాను.

చివరగా మామగారి విమానం గీశాను. ముక్కు మా ఇంటి వైపు, కడుపు కాస్త ఇటు తిరిగి, రన్‌వే మీదుగా వస్తున్నట్టు. తోక మీద నంబరు కూడా వేశాక, ఆ మధ్యాహ్నం మా అత్తగారు క్యారియర్ పట్టుకుని వచ్చింది. అంతవరకూ ఒక్కసారి కూడా ఆ వైపు రాలేదు. క్యారియర్ నేల మీద పెట్టి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని తల పైకెత్తింది.

"ఇందులో ఆయనది ఏదే?"

నేను కుంచెతో చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది కాదు" అంది.

"నంబరు చూడండి అత్తయ్యా. ఫొటో చూసే వేశాను."

"నంబరు నాకేం తెలుస్తుందే! అంత ఎత్తున నంబరు కనబడుతుందా? కాళ్లేవీ దీనికి?"

"కాళ్లా?"

"చక్రాలు. అన్నీ ఒక్కలా ఉంటే ఏది ఆయనదని తెలిసేది నాకు?"

పరంజా దిగి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఎవరో అడిగితే చెప్తున్నట్టు కాదు, గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పుకొచ్చింది. "సాయంత్రం మేడ మీద నిలబడేదాన్ని. ఒకే రంగు, ఒకే రకం, ఒకే రొద. ఎందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు? ఇదిగో, ఈ భవనం అప్పుడూ ఉండేది, ఇది దాటాక చక్రాలు దించేవి. మిగతావాటికి రెండూ ఒక్కసారే దిగేవి. ఆయనదానికి మాత్రం ముందు ఎడమది. కుడిది మొరాయించేది. ఒంటికాలి మీద వస్తున్నట్టు వచ్చేది. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూసేదాన్ని. అప్పుడు కుడిది దిగేది. హమ్మయ్య, వచ్చారు అనుకుని కిందకి పరిగెత్తి నీళ్ల కాగు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి స్నానానికి నీళ్లు కాగేవి."

"మరి బాగుచేయించుకోలేదా?"

"చేయిస్తానన్నారు. నేనే వద్దన్నాను. రెండూ కలిసి దిగితే ఇక నాకెలా తెలుస్తుంది?" అని నవ్వింది. కొత్త పెళ్లికూతురు నవ్వే నవ్వు అది. ఆ మొహం మీద నేనెప్పుడూ చూడలేదు.

వెళ్తూ వెళ్తూ, "దానికొక్కదానికి చక్రాలు దించి వెయ్యవే" అంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను ఏదీ కోరలేదు. సరేనని తలూపాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎప్పటిలాగే పొయ్యి మీద కాగు ఉంది. కొడుకు డ్యూటీ నుంచి వస్తాడని పెడుతుందనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆలోచిస్తే అప్పుడు అర్థమైంది. మా ఆయన డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి. కాగు మాత్రం ఎప్పుడూ పొద్దువాలే వేళకే. ఎండలు మండిపోతున్నా సరే. "ఈ వేడిలో వేన్నీళ్లేంటమ్మా, నన్ను ఉడకబెడతావా" అని తను ఎన్నిసార్లు గొణిగాడో.

మేడ మీద బట్టలు తీస్తూ సంగతి చెప్పాను. తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

"అంటే ఇన్నేళ్లూ నేను మా నాన్న నీళ్లతో స్నానం చేస్తున్నానన్నమాట" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నా కోసం పెట్టింది కాదు ఒక్కరోజు కూడా."

"అలా అనకండి."

"ఇంకెలా అనమంటావ్? రాని మనిషికి నీళ్లేంటి? ఆ మనిషి కోసం ఈ కొంపేంటి? చక్రాలూ గిక్రాలూ ఏం వెయ్యకు. వేశావంటే ఆ గోడ ముందు నిలబడి ఇంకా ఎదురుచూస్తుంది. ఇప్పటికైనా వదిలెయ్యనీ పాపం!" తీగ మీది చొక్కా విసురుగా లాగాడు. అది చిరిగింది. నాన్న మీద బెంగ కొడుక్కి కూడా ఉంటుందని, మొహం తెలియని మనిషి మీద కూడా ఉంటుందని ఆ చొక్కా చూశాక కానీ నాకు తట్టలేదు.

మాటిచ్చాను కాబట్టి మర్నాడు కమాండర్ గారిని అడిగాను. గొడుగు చేతిలోంచి జారి కింద పడింది.

"గాల్లో చక్రాలా? యుద్ధంలో గాల్లో చక్రాలు దించితే ఏమని అర్థమో తెలుసా నీకు? లొంగిపోతున్నా, కాల్చొద్దని. రెండు చేతులూ పైకెత్తడం అది. ఈ గోడ మీద మావాడు చేతులెత్తి నిలబడాలా?"

"యుద్ధంలో కాదండీ. ఇంటికి వస్తున్నప్పుడు. దిగబోతూ."

"చూసేవాళ్లకి ఇల్లు కనబడుతుందా అందులో?" అని అరిచారు. మరుక్షణం గొంతు తగ్గిపోయింది. "ఆవిడ అడిగిందా? తనంతట తనే? ఏమని అడిగింది? ఎవరు చెప్పారు ఆవిడకి?"

ఎవరు చెప్పడమేమిటో నాకు అంతుపట్టలేదు. నేను నోరు తెరిచేలోపే కుర్చీ మడిచి, గొడుగు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మిగతా మూడు విమానాలకీ మెరుగులు దిద్దుకున్నాను, ఆకాశానికి రంగు పూసుకున్నాను. మామగారి విమానం కడుపు దగ్గర మాత్రం సుద్ద గీతలే ఉండిపోయాయి. తూర్పున మబ్బులు కమ్ముకోవడం మొదలైంది. ఎందాకా వచ్చిందమ్మా అని స్మారక భవనం పెద్దలు రోజూ మనిషిని పంపేవారు. అయిపోవచ్చింది, అయిపోవచ్చింది అంటూ నెట్టుకొచ్చాను.

మా ఆయనకి సెలవు రోజున, తను గుమ్మం ముందు సైకిలు విప్పుకుని కూర్చుని ఉండగా, కమాండర్ గారు వచ్చారు. చేతిలో పళ్లు లేవు. కుర్చీ అంచు మీద కాదు, నిండుగా కూర్చున్నారు. మొదటిసారి మా అత్తగారి మొహంలోకి చూశారు.

"చెల్లెమ్మా, చక్రాల సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేముంది అన్నయ్యగారూ? రోజూ మేడ మీంచి చూసేదాన్నిగా."

ఆవిడకి ఏదో తెలిసిపోయిందనుకుని వచ్చారాయన. ఏమీ తెలియదని అప్పుడు ఆయనకి అర్థమైంది. మంచినీళ్లు తాగి లేచిపోవచ్చు. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కానీ ఆయన లేవలేదు.

"ఆ రోజు తిరిగొస్తున్నాం" అన్నారు. "ఇంకా వాళ్ల నేల మీదే ఉన్నాం. వాళ్ల విమానాలు వెంటపడ్డాయి. మావాడు నా వెనకే ఉండాలి. తిరిగి చూశాను. బాగా కిందకి దిగిపోయాడు. చక్రం దిగుతోంది. ఇంతలో మబ్బు అడ్డొచ్చింది. నేను చూసింది అంతే. నా నోటితో నేను అనలేకపోయాను తల్లీ. చక్రాలు దించాడంటే లొంగిపోయాడంటారు. పేరుకి మచ్చ. నువ్వు నిండు నెలలతో ఉన్నావు. పుట్టేవాణ్ని లొంగిపోయినవాడి కొడుకంటారు. ఏమీ చూడలేదని చెప్పేశాను. ఇన్నేళ్లూ అదే చెప్తూ వచ్చాను."

గుమ్మం దగ్గర పానా చప్పుడు ఆగిపోయింది.

మా అత్తగారు ఏడుస్తుందనుకుని నేను దగ్గరికి జరిగాను. ఆవిడ నన్ను పక్కకి నెట్టింది.

"లొంగిపోయినవాళ్లని చంపరు కదా?"

"చంపకూడదు."

"అంటే బతకాలనుకున్నారు. అంత ఆపదలోనూ బతికి ఇంటికి రావాలనుకున్నారు. దానికి మచ్చేంటి అన్నయ్యగారూ? చేతులెత్తితే ఎత్తారు, కాళ్లు పట్టుకుంటే పట్టుకున్నారు! ఆ ఒక్క ముక్క నాతో చెప్పి ఉంటే, నా కోసం కాళ్లు నేల మీద పెడదామనుకున్నారని నేను తలుచుకుని బతికేదాన్ని కదా!"

ఆయన తలొంచుకున్నారు. "యుద్ధం అయ్యాక ఖైదీల్ని పంపారు. సరిహద్దు దగ్గరికి పోయాను. బండి దిగిన ప్రతి మొహం చూశాను. ఆఖరివాడు దిగి, బండి తలుపులు మూసేదాకా నిలబడ్డాను. వాడు లేడు."

"నన్నూ తీసుకెళ్లాల్సింది."

"ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

"ఉన్నదే చెప్పాల్సింది. నేనూ నిలబడి చూసుకునేదాన్ని. లేరని నా కళ్లతో చూసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఈ మేడ ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ..." అని ఆగిపోయింది.

కొంగుతో మొహం తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"రెండు చక్రాలూ దిగాయా?"

"ఒకటే చూశాను."

"ఏది?"

ఆయన కళ్లు మూసుకున్నారు. కుడి చెయ్యి కాస్త కదిలింది, ఎడమ చెయ్యి కాస్త కదిలింది. "ఎడమది" అన్నారు.

మా అత్తగారు గోడకి చేరబడింది.

"అయితే ఆయనే. కుడిది కాస్త ఆలస్యంగా దిగుతుంది" అంది.

వెళ్లేటప్పుడు కమాండర్ గారు గుమ్మంలో మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, నాతో అన్నారు. "వెయ్యమ్మాయ్. నేను చూసినట్టే వెయ్యి. ఎడమది ఒక్కటే. ఎవరైనా అడిగితే నన్ను అడగమను."

మర్నాడు సుద్ద గీతల మీద రంగు పెడుతుంటే పరంజా ఊగింది. చూద్దును కదా, మా ఆయన. డ్యూటీ చొక్కాతోనే వచ్చి, నిచ్చెన ఎక్కి, నా పక్కన చతికిలబడ్డాడు. అంత దగ్గరగా వాళ్ల నాన్న విమానాన్ని చూడటం అదే మొదలు. రెక్క కింద అరచెయ్యి ఆన్చాడు. తడి రంగు అంటుకుంది, తుడుచుకోలేదు.

"టైరు అంత నల్లగా వెయ్యకు" అన్నాడు. "కొత్త టైరే అంత నల్లగా ఉండేది. రోజూ నేల తాకే టైరు బూడిద రంగుకి తిరుగుతుంది."

డబ్బాలో కొంచెం తెలుపు కలిపి చూపించాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం కలిపాను. ఇంక చాలన్నాడు. అలా ఇద్దరం కలిసి ఆ చక్రం వేశాం. ఇల్లు మారే మాట ఆ తర్వాత తను ఎత్తలేదు.

ఆవిష్కరణ రోజు సాయంత్రం గాలిలో వాన వాసన తెలుస్తోంది. ఊళ్లోవాళ్లంతా రన్‌వే మీద గడ్డిలో నిలబడ్డారు. తెర లాగారు. పడమటి వెలుగు తిన్నగా గోడ మీద పడింది. మూడు విమానాలు పైకి దూసుకుపోతున్నాయి, ఒకటి కిందకి దిగుతోంది. చప్పట్లు కొట్టారు. నా వరకూ నాకు అవేవీ వినబడలేదు. నేను మా అత్తగారినే చూస్తున్నాను. ఆవిడ తల వెనక్కి వాల్చి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూస్తోంది. మేడ మీద ఎలా నిలబడేదో నాకు ఆ రోజు తెలిసింది.

తెర లాగిన పెద్దాయన గోడంతా పరిశీలనగా చూసి, నా వైపు తిరిగి నవ్వాడు. "చాలా బావుంది కానీ అమ్మా, ఆ చివరిదానికి ఒక చక్రం వెయ్యడం మర్చిపోయినట్టున్నావే!"

కమాండర్ గారు గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకు వేశారు. ఆయన కంటే ముందే మా అత్తగారు అందుకుంది.

"మర్చిపోలేదండీ" అంది, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "కుడిది కాస్త ఆలస్యం. దిగుతుంది, ఆగండి."

ఆయనకి ఏమీ అర్థం కాక తలూపాడు. పొద్దు వాలిపోతోంది. మొదటి చినుకులు పడ్డాయి, జనం చెల్లాచెదురయ్యారు, ఆవిడ కదల్లేదు. కదలమని అడిగే ధైర్యం నాకు లేదు. మా ఆయన తన తువ్వాలు తీసి వాళ్లమ్మ తల మీద కప్పాడు. పడమటి వైపు ఒకసారి, విమానం వైపు ఒకసారి చూశాడు.

"నువ్వు చూసుకుని నిదానంగా రా అమ్మా" అన్నాడు. "నేను ముందెళ్లి నాన్నకి కాగు పెడతాను."